ఆకాశం నుంచి చూసినా చేలోకి దిగాల్సిందే!

ముంగారు విత్తనం పడి నెల దాటిందనుకోండి. మీరు చేలో గుంటక తోలుతున్నారు. గట్టు పక్కన మోటారు సైకిల్ ఆగింది. చేతిలో ట్యాబ్ పట్టుకుని ఓ కుర్రాడు దిగాడు. రైతు సేవా కేంద్రంలో పనిచేసే వ్యవసాయ సహాయకుడు కావచ్చు, బీమా కంపెనీ పంపినవాడు కావచ్చు, వ్యవసాయ కాలేజీలో చదువుతూ మీ ఊళ్లో మకాం పెట్టిన విద్యార్థి కావచ్చు. "ఏం పంటన్నా?" అని అడిగాడు. "బుడ్డలు" అన్నారు మీరు. గట్టు మీద నుంచే ఓ ఫొటో తీశాడు, ట్యాబ్‌లో ఏదో నొక్కాడు, వెళ్లిపోయాడు. మొత్తం కలిపి రెండు నిమిషాలు.

ఆ రెండు నిమిషాల పనిని చిన్నదిగా చూడకండి. అతను నిలబడిన చోటు అక్షాంశం, రేఖాంశం ఆ ఫొటోతో పాటే నమోదయ్యాయి. పక్కన "వేరుశనగ" అన్న మాట చేరింది. ఇలాంటి చుక్కలు వేలకొద్దీ పోగేసి కంప్యూటరుకు చూపిస్తారు. "ఈ చుక్క దగ్గర ఉపగ్రహానికి కనిపించే రంగు వేరుశనగది, ఆ చుక్క దగ్గర కనిపించేది పత్తిది" అని నేర్పిస్తారు. మనిషి అడుగు పెట్టని చేలల్లో ఏ పంట ఉందో ఆ నేర్చుకున్న తెలివితోనే కంప్యూటరు చెబుతుంది. మరి ఆ కుర్రాడు నిలబడింది మీ గట్టు మీద! ఫోను చెప్పే చోటు ఎంత బాగున్నా ఐదారు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. గట్టుకు అవతల పక్కవాళ్ల పత్తి. మీ బుడ్డల పేరు పెట్టి పత్తిని చూపించాడన్నమాట. అంతేనా, మీరు ఎనిమిదో సాలుకు వేసిన కంది సంగతి అతను అడగలేదు, మీరూ చెప్పలేదు.

వ్యవసాయంలోకి ఉపగ్రహాలు, సెన్సర్లు వస్తున్నాయి, వాటిని నడిపే కుర్రకారుకు శిక్షణ ఇస్తున్నారు అని పేపర్లో చదువుతూనే ఉన్నారు. ఆ శిక్షణలో ఏముంది, ఏం లేదు అన్నది రెండెకరాల రైతుకు పట్టని విషయమని అనుకోవద్దు. రేపు మీ చేతికొచ్చే బీమా సొమ్ములో కొంత దాని మీదే ఆధారపడి ఉంటుంది.

గడి అంటే రెండున్నర సెంట్లు

ఉపగ్రహం మీ చేనును మనం చూసినట్టు చూడదు. గళ్ల దుప్పటి పరిచినట్టు నేలను గడులుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో లెక్క రాసుకుంటుంది. ఐరోపా దేశాలు 2015 నుంచి నడుపుతున్న సెంటినెల్-2 ఉపగ్రహాల బొమ్మలను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మన దేశంలో పంటల పనికి వీటిని విరివిగా వాడుతున్నారు. వాటి గడి 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మన లెక్కలో చెప్పాలంటే సుమారు రెండున్నర సెంట్లు. తెలంగాణ రైతు లెక్కలో దాదాపు ఒక గుంట. ఎకరాకు నలభై గడులు.

నలభై అంటే బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఉపగ్రహం గీసే గళ్లు మీ గట్లను చూసి గీసేవి కావు. గట్టు మీద పడిన గడిలో సగం మీ పంట, సగం పక్కవాడి పంట, మధ్యలో వేపచెట్టు నీడ, కొంత బండ్ల బాట. అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన ఇరవై మీటర్ల వెడల్పు పట్టీ మీదనుకోండి, అడ్డంగా పట్టేవే రెండు గడులు. ఆ రెండూ గట్టును తాకేవే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు. అదీ ఒక్కచోట ఉండదు, మూడు చోట్ల ముక్కలుగా ఉంటుంది. వంద ఎకరాల గోధుమ చేలున్న దేశాల్లో తయారైన పద్ధతిని తెచ్చి మన పట్టీల మీద పరిస్తే ఎంత తేడా వస్తుందో మీరే ఊహించుకోవచ్చు. శిక్షణ పొందే పిల్లలకు మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది.

జ్వరం చెబుతుంది, రోగం పేరు చెప్పదు

ఆకు పచ్చగా ఎందుకు కనిపిస్తుంది? ఎండలోని ఎరుపు వెలుగును ఆకులోని పత్రహరితం మింగేస్తుంది, ఆకుపచ్చను కొంత తిప్పి పంపుతుంది. మన కంటికి కనిపించని పరారుణ వెలుగు కూడా ఒకటుంది. బాగా ఎదిగిన ఆకు దాన్ని అద్దంలా వెనక్కి కొడుతుంది. ఉపగ్రహం ఈ రెండింటినీ, అంటే ఎరుపునూ పరారుణాన్నీ కొలిచి, తేడాను మొత్తంతో భాగిస్తుంది. వచ్చిన అంకె ఒకటికి దగ్గరగా ఉంటే పంట ఒత్తుగా, పచ్చగా ఉన్నట్టు. సున్నాకు దగ్గరగా ఉంటే బయలు నేల. దీన్ని ఎన్‌డీవీఐ అంటారు. ట్యాబ్‌లో మీ చేను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మచ్చలుగా కనిపించేది ఈ అంకె వల్లే.

పంట దెబ్బతింటుంటే ఈ అంకె పడిపోతుంది. కొన్నిసార్లు మీ కంటికి తేడా తెలిసే ముందే పడిపోతుంది. మన దేశంలో రిమోట్ సెన్సింగ్‌కు ఆద్యుడు అనిపించుకున్న పిషరోటి బృందం 1970లో కేరళలో చేసిన మొదటి ప్రయోగమే కొబ్బరి తోటల మీద. వేరుకుళ్లు సోకిన చెట్లను ఆకాశం నుంచి పరారుణ ఫిలింతో ఫొటోలు తీసి పసిగట్టారు. అయితే ఫొటోలో తేడాగా ఉన్న చెట్టుకు వేరుకుళ్లు ఉందా లేదా అన్నది నేల మీద చెట్టు దగ్గరకు వెళ్లి చూస్తేనే తేలుతుంది. ఇన్నేళ్ల తరవాతా మారని సంగతి ఇదే. థర్మామీటరు జ్వరం ఉందని చెబుతుంది గానీ మలేరియానా, టైఫాయిడా అన్నది చెప్పదు. చేలో పసుపు మచ్చ నత్రజని తక్కువై రావచ్చు, నీరు నిలిచి రావచ్చు, మొదలుకుళ్లు వల్ల రావచ్చు, పశువులు పడి మేసినా రావచ్చు. ట్యాబ్ చూపించి "ఈ మందు కొట్టు" అని గట్టు మీద నుంచే చెప్పేవాడు ఎదురైతే మొక్క పీకి వేరు చూపించమని అడగండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు.

మన ఎర్ర నేలల్లో మరో చిక్కుంది. బుడ్డల పంట సాళ్లు కమ్ముకునే దాకా ఉపగ్రహానికి పంట కంటే నేలే ఎక్కువ కనిపిస్తుంది. మొలక బాగా వచ్చిందా, పలచబడిందా అన్నది తొలి నెలలో దాన్ని అడిగి లాభం లేదు. దానికి మీ కళ్లే గతి.

మబ్బు పట్టిన రోజుల్లో

ఖరీఫ్‌లో అసలు అవసరం పడే రోజుల్లోనే మబ్బు కమ్ముతుంది. సెంటినెల్-2 ఐదు రోజులకోసారి మీ చేను మీదుగా వెళ్లినా, కింద మబ్బే కనిపిస్తే దానికి పంట లేనట్టే. అప్పుడు రాడార్ ఉపగ్రహాలే దిక్కు. ఇవి తామే తరంగాన్ని పంపి, నేలను తాకి తిరిగొచ్చిన దాన్ని కొలుస్తాయి. మబ్బు అడ్డం రాదు, చీకటీ అడ్డం రాదు. మన ఇస్రో 2022 ఫిబ్రవరిలో ఈవోఎస్-04 అనే రాడార్ ఉపగ్రహాన్ని పంపింది. అమెరికాతో కలిసి చేసిన నైసార్‌ను 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగరేసింది. అది 12 రోజులకోసారి తిరిగి అదే చోటుకు వస్తుంది.

వరికి రాడార్ బాగా పనికొస్తుంది. దమ్ము చేసిన మడిలో నిలిచిన నీరు తరంగాన్ని పక్కకు జార్చేస్తుంది, కాబట్టి మడి నల్లగా కనిపిస్తుంది. పిలకలు లేచేకొద్దీ తెల్లబడుతుంది. నాటు ఎప్పుడు పడిందో దీన్నిబట్టి చెప్పేయొచ్చు. బుడ్డలు, కొర్ర లాంటి పొట్టి మెట్ట పంటల్లో అంత తేలిక కాదు. నేల తడి, దుక్కి పెళ్లల కరుకుదనం పంట లెక్కలో కలిసిపోతాయి. మెట్ట జిల్లాల్లో పనిచేయబోయే పిల్లలకు వరి బొమ్మలు చూపించి శిక్షణ అయిందనిపిస్తే, వాళ్లు మన దగ్గరకొచ్చి తికమకపడతారు.

ముప్పై శాతం సంగతి

ఇప్పుడు డబ్బుల దగ్గరకు వద్దాం. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ పంటలకు కొత్త పద్ధతి పెట్టారు. యెస్-టెక్ అని దాని పేరు. దిగుబడి తేల్చేటప్పుడు ఉపగ్రహం వంటి సాంకేతిక పద్ధతులతో కట్టిన అంచనాకు కనీసం 30 శాతం విలువ ఇవ్వాలి. మిగతాది పాత పద్ధతిలో చేసే పంట కోత ప్రయోగాలది.

లెక్క తెలియడానికి అంకెలు వేసి చూద్దాం. మీ ఊరికి హామీ దిగుబడి ఎకరాకు 12 క్వింటాళ్లు అనుకోండి. కోత ప్రయోగాల్లో 10 క్వింటాళ్లే తేలింది. ఎకరాకు బీమా మొత్తం 40 వేలు. పాత లెక్క ప్రకారం తగ్గింది రెండు క్వింటాళ్లు, అంటే ఆరో వంతు. పరిహారం సుమారు 6,660 రూపాయలు. ఇప్పుడు ఉపగ్రహపు అంచనా పొరపాటున 16 క్వింటాళ్లు వచ్చిందనుకోండి. పదిలో 70 శాతం ఏడు, పదహారులో 30 శాతం నాలుగు పాయింట్ ఎనిమిది. కలిపితే 11.8. తగ్గింది ఇరవై కిలోలే! పరిహారం సుమారు 660 రూపాయలు. ఒక్క తప్పు అంచనాతో ఆరు వేలు ఎగిరిపోయాయి. ఆ తప్పు ఎక్కడ పుట్టి ఉంటుంది? ఆకాశంలోనే పుట్టాలని లేదు. గట్టు మీద నిలబడి నొక్కిన చుక్కల్లోనూ పుట్టొచ్చు.

ఇందులో రెండో వైపూ ఉంది, అదీ చెప్పుకోవాలి. కోత ప్రయోగాలు ఊరికి నాలుగు చోట్లే జరుగుతాయి. ఎంపిక చేసిన చేను వదిలి దారి పక్కన చేలో కోసినా, కాగితం మీదే కోసినా అడిగేవాడు ఉండడు. ఉపగ్రహపు బొమ్మ పక్కన ఉంటే అలాంటి పనులు దొరికిపోతాయి. అందుకే ఈ పద్ధతే వద్దని అనడం సరికాదని నా అభిప్రాయం. చుక్క సరిగ్గా పెట్టేవాడు కావాలి, అంతే.

తక్కెడ గిన్నెలో సాలెగూడు

ఉపగ్రహం సంగతి అలా ఉంటే, నేల మీది సెన్సర్లది ఇంకో కథ. వాతావరణ ఆధారిత బీమాలో మీ చేను ఎండిందా లేదా అని ఎవరూ వచ్చి చూడరు. మీ ప్రాంతానికి కేటాయించిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం ఎంత వాన చూపిస్తే అదే లెక్క. మన దగ్గర ఈ రకం బీమా కొత్తది కాదు. 2003లోనే మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులతో మొదలైంది. అప్పటి నుంచీ రైతు అడిగేది ఒకటే: "వాన కేంద్రం దగ్గర పడింది, నా చేలో పడలేదు. నా గతేంటి?"

ఆ కేంద్రంలోని వానమాపకం లోపల చిన్న తక్కెడ లాంటి గిన్నె ఉంటుంది. నిర్ణీత కొలత నీరు పడగానే ఒక పక్కకు ఒరుగుతుంది, రెండో పక్క గిన్నె గరాటు కిందకు వస్తుంది. ఎన్నిసార్లు ఒరిగితే అంత వాన. యంత్రం ఇంత సులువుది. గరాటులో వేపాకు పడినా, పక్షి రెట్ట వేసినా, లోపల సాలీడు గూడు కట్టినా తప్పు చెప్పేదీ ఇంత సులువుగానే. పక్కన గోడ గానీ చెట్టు గానీ ఉంటే, దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో వానమాపకాన్ని పెట్టాలి. మీ మండల కేంద్రంలో ఉన్నదాన్ని ఈసారి వెళ్లినప్పుడు ఓ కన్నేసి రండి. మొలిచిన కంప దాని మీదకు వాలి ఉంటే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. శిక్షణలో కంప్యూటరు పాఠాలకు ఇచ్చినంత సమయం గరాటు తుడవడానికీ ఇస్తే బాగుంటుంది.

నేలలో గుచ్చే తేమ సెన్సర్లూ అంతే. అది గుచ్చిన చోట పిడికెడు మట్టి సంగతే చెబుతుంది. నల్లరేగడి ఎండి పగిలినప్పుడు సెన్సర్‌కూ మట్టికీ మధ్య గాలి చొరబడుతుంది. అప్పుడు నేలలో ఉన్న తడిని కూడా లేదంటుంది. మీరు మట్టిని పిడికిట పట్టి ఉండ చేసి పదును చూస్తారే, ఆ పని కూడా వచ్చినవాడే సెన్సర్ తప్పును పట్టగలడు. ఖర్చు తక్కువలో ఏదైనా కావాలంటే కోయంబత్తూరు చెరకు పరిశోధన సంస్థ తయారుచేసిన తేమ సూచిక ఉంది. అంకెలు చూపదు, దీపాలు వెలుగుతాయి. నీలం వస్తే తడి దండిగా ఉన్నట్టు, ఎరుపు వస్తే వెంటనే తడి ఇవ్వాలి. వరికి ఆకు రంగుల పట్టిక చాలు. ఆకును పట్టికలోని రంగుతో పోల్చి యూరియా ఎప్పుడు వేయాలో తేల్చుకోవచ్చు. సెన్సర్ అంటే తీగలు, తెరలు ఉండాలన్న రూలేం లేదు.

దేవనకొండ నేర్పిన పాఠం

మన జిల్లాలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2016 ఖరీఫ్‌లో దేవనకొండ మండలంలోని ఏడు గ్రామాల్లో 175 మంది వేరుశనగ రైతులకు ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి ఫోన్లకు తెలుగులో సందేశాలు పంపాయి. విత్తనం ఎప్పుడు వేయాలి, ఎరువు ఎప్పుడు వేయాలి అన్న సలహాలు అవి. 1986 నుంచి 2015 దాకా ఆ ప్రాంతపు ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలు తీసుకుని, నేలలో పదును ఎప్పుడు సరిపోతుందో అంచనా కట్టారు. రైతు చేలో ఏ యంత్రమూ పెట్టలేదు. తొలి వానకే తొందరపడకుండా సలహా ప్రకారం విత్తినవారికి సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ఇక్రిశాట్ ప్రకటించింది.

ఒక్క ఏడాది లెక్కను పట్టుకుని ప్రతి ఏడాదీ ముప్పై శాతం వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. నేను చెప్పదలచింది వేరే. మృగశిరలో వేయాలా, ఆరుద్ర దాకా ఆగాలా అన్నది మన తాతల నాటి ప్రశ్న. అదను, పదును అన్న ఆ రెండు మాటలనే కంప్యూటరు భాషలోకి మార్చారు. ఆ సందేశం చూసి ఆగాలంటే రైతుకు నమ్మకం కావాలి. పక్కచేను గొర్రు కదిలాక చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు. ఆ నమ్మకం ఫోను వల్ల రాదు. ఊళ్లో తిరిగే మనిషి వల్ల వస్తుంది.

పిల్లలకు ఏం నేర్పుతున్నారు?

ఈ విద్యకు మన దేశంలో పునాది పాతదే. డెహ్రాడూన్‌లో 1966లో ఫొటోలు చదవడం నేర్పే సంస్థగా మొదలైంది నేటి భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ. 1974లో ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ, ఇప్పటి ఎన్‌ఆర్‌ఎస్‌సీ, మన హైదరాబాద్‌లోనే ఉంది. శాస్త్రవేత్తలకు, అధికారులకు అక్కడ మంచి శిక్షణ దొరుకుతుంది. కొరతంతా కింది మెట్టు మీదే. వ్యవసాయ డిగ్రీలో ఐదో డీన్ల కమిటీ సిఫారసుతో పెట్టిన సబ్జెక్టులో ఉపగ్రహ చిత్రాలు, నానో టెక్నాలజీ, ప్రెసిషన్ ఫార్మింగ్ మూడూ కలిపి రెండు క్రెడిట్లు. అంటే ఒక సెమిస్టరులో వారానికి ఒక పాఠం, ఒక ప్రాక్టికల్. అందులో ఏం నేర్చుకుంటాడు పాపం! నాలుగో ఏడు రావెప్ కింద విద్యార్థులు పల్లెల్లో ఉంటారు కదా, ఈ పని అక్కడ పెట్టాలి. ఒక ఊరు, ఒక పంట కాలం. విత్తిన నాటి నుంచి కోత దాకా అవే ఇరవై చేలు పదిహేను రోజులకోసారి నడిచి చూసి, ఉపగ్రహపు అంకెతో సరిపోల్చి రాయించాలి. మొక్కకూ అంకెకూ సంబంధం అప్పుడు తెలుస్తుంది.

మీ ఇంట్లోనే చదువుకున్న పిల్లలుంటే ఈ దారి చూపించండి. డెహ్రాడూన్ సంస్థ 2007 నుంచి దూర విద్య పద్ధతిలో కోర్సులు నడుపుతోంది, చాలావాటికి ఫీజు లేదు. అగ్రికల్చర్ డిగ్రీ ఉన్నవారికి హైదరాబాద్ మేనేజ్ సంస్థ ఆధ్వర్యంలో అగ్రిక్లినిక్ పథకం 2002 నుంచి ఉంది. నలభై ఐదు రోజుల శిక్షణ, తరవాత బ్యాంకు అప్పు మీద సబ్సిడీ ఇస్తారు. డ్రోన్ నడిపే సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసై పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, కాకపోతే గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రంలోనే చేరాలి. ఏ కార్తెలో ఏం విత్తుతారో తెలిసిన రైతు బిడ్డ ట్యాబ్ పట్టుకుంటే ఆ పని తీరే వేరు. ఎక్కడి నుంచో వచ్చినవాడికి కొర్రకూ సామకూ తేడా నేర్పేసరికి పంట కాలం అయిపోతుంది.

ఆ కుర్రాడు మళ్లీ వచ్చినప్పుడు

గట్టు మీద నిలబెట్టకండి. చేలో నడిమధ్యకు పిలుచుకుపోండి, చుక్క అక్కడ పెట్టమనండి. విత్తిన తేదీ, రకం, అంతర పంట ఏ సాలుకు వేశారో చెప్పండి. ట్యాబ్‌లో పంట పేరు ఏమని రాశాడో అక్కడే చూడండి. చదవడం రాకపోతే చదివి వినిపించమనండి, మొహమాటం వద్దు. ఈ-పంట జాబితాను రైతు సేవా కేంద్రంలో ప్రదర్శించినప్పుడు మీ సర్వే నంబరు పక్కన ఉన్న పంట, విస్తీర్ణం సరిపోల్చుకోండి. తప్పుంటే గడువు దాటకముందే రాసివ్వండి.

ఇంకొక్క పని. 2000 తరవాత తొలి దశాబ్దంలో మన జిల్లాతో సహా ఏడు కరవు జిల్లాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే భూగర్భ జల ప్రాజెక్టు నడిచింది. అందులో రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు, వాన కొలిచారు, ఉన్న నీటికి ఏ పంట ఎంత వేయాలో ఊరంతా కూర్చుని లెక్క కట్టారు. వాళ్లకు డిగ్రీలు లేవు. మీరూ ఆ పని చేయొచ్చు. కింది నుంచి పైదాకా ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి చేలో చెట్టు నీడ పడని చోట పెట్టండి. వాన వెలిసిన వెంటనే స్కేలుతో లోతు కొలవండి. డబ్బాలో ఒక మిల్లీమీటరు నిలిచిందంటే ఎకరాకు నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీరు పడినట్టు. తేదీ వేసి నోటుపుస్తకంలో రాయండి. కేంద్రంలో వాన పడి మీ చేలో పడని రోజు కూడా "సున్నా" అని రాయండి. ట్యాబ్ పట్టుకుని వచ్చిన కుర్రాడికి ఆ పేజీ చూపించి, దాన్ని కూడా ఫొటో తీసుకోమనండి.